పుస్తకాల ముచ్చట: కళాపూర్ణోదయం మీద మీ ఉత్తరాలు

పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని వచనంలోనైనా చదివి, ఎలా ఉందో రాయమని పోయిన నెల అడిగాను. 16వ శతాబ్దపు పద్యకావ్యం మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు ఇంతకన్నా ఏం కావాలి!

ప్రశ్న: మాస్టారూ, రంభ, నలకూబరుడు, నారదుడు అందరూ పురాణాల్లోని వాళ్లే కదా. ఈ కథ ఏ పురాణంలో ఉంది? మా నాన్నగారు భాగవతమంతా వెతికారు. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఎక్కడా దొరకదమ్మా. పేర్లు పురాణాలవి, కథ సూరన సొంతం. భాగవతంలో నలకూబరుడు శాపంతో మద్దిచెట్టై నిలబడితే, చిన్నికృష్ణుడు రోలు ఈడ్చుకుంటూ వచ్చి విడిపిస్తాడు. మీ నాన్నగారికి ఆ ఘట్టం కనబడే ఉంటుంది. సూరన ఆ కుబేరుడి కొడుకునే తెచ్చి, ద్వారకలో కలభాషిణి అనే వేశ్యకన్య మనసులో పెట్టాడు. అక్కణ్ణుంచి అంతా కొత్త కథే.

ప్రశ్న: మాయలు మరీ ఎక్కువయ్యాయి సార్. అసలు రంభ ఎవరో, మాయా రంభ ఎవరో తెలియక రెండుసార్లు వెనక్కి వెళ్లి చదివాను. ఇన్ని వేషాలు అవసరమా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: నాకూ అలాగే అయింది బాబూ. భాషాప్రవీణ చదివే రోజుల్లో విసుగొచ్చి సగంలో మూసేశాను. మళ్లీ తెరిచినప్పుడు వెనక అట్ట మీద పెన్సిలుతో పేర్లు రాసుకుని, ఎవరు ఎవరి రూపంలో ఉన్నారో గీతలు గీసుకున్నాను. ఆ అట్ట ఇంకా నా దగ్గరే ఉంది.

అవసరమా అంటే, అవసరమే అంటాను. మణికంధరుడనే గంధర్వుడి తపస్సు చెడగొట్టడానికి రంభ వస్తుంది. అతని కౌగిట్లో ఉండి, నోరు జారి తన ప్రియుడు నలకూబరుడి పేరు పలుకుతుంది. ఆ మాట విన్నవాడి స్థితి ఆలోచించు. అతను నలకూబరుడి రూపం ధరిస్తాడు. అటు కలభాషిణి నలకూబరుడి కోసం రంభ రూపం ధరిస్తుంది. ఇద్దరూ ఎదురుపడతారు. ఆమె అతన్ని నిజం నలకూబరుడే అనుకుంటుంది, అతను ఆమెను నిజం రంభే అనుకుంటాడు. వలచిన మనిషి కోసం ఇద్దరూ తమ ముఖాలనే వదులుకున్నారు. మంత్రం లేకుండా ఈ బాధను ఇంత సూటిగా చూపించడం కష్టం. ఇక అసలు రంభ వచ్చి మాయా రంభతో వాదానికి దిగే చోటు ఈసారి పైకి చదువు, ఎవరి మాట ఎవరిదో చెవికే తెలిసిపోతుంది.

ప్రశ్న: నాకు సుగాత్రీ శాలీనుల కథే బాగా నచ్చింది. నగలు పెట్టుకొస్తే చూడని మొగుడు, తోటపనిలో చూసి మనసు పడ్డాడు! (గృహిణి, అనకాపల్లి)

జవాబు: నాకూ ఎంతో ఇష్టమైన ఘట్టమమ్మా. ఇన్ని శాపాలూ వరాలూ ఉన్న కావ్యంలో ఆ దంపతులను కలిపింది మట్టిపనే.

ప్రశ్న: మీకు నచ్చిన పద్యం ఒక్కటి చెప్పండి. (ఉపాధ్యాయుడు, నంద్యాల)

జవాబు: ఈ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న రాజు మీ నంద్యాల వంశం వాడే కాబట్టి, మీకు తప్పకుండా చెప్పాలి. కథ మొదట్లో ద్వారక ఉద్యానంలో అమ్మాయిలు పూదీగెల ఉయ్యాలలు పంతం పట్టి ఊగుతుంటారు. వాళ్ల పాదాలు చక్కగా సాగి ఆకాశం వైపు వస్తాయి. పైనుంచి చూస్తున్న మణికంధరుడు నారదుడితో, దేవకాంతల మీద 'కయ్యమునకుం గాల్సాచునట్లు', అంటే కొట్లాటకు కాలు చాస్తున్నట్లు ఉందంటాడు. ఉయ్యాల ఎక్కినవాళ్లలో కలభాషిణి ఉంది. విమానంలో అటుగా రంభ వస్తోంది. వర్ణన కోసం అన్న మాటే తరువాత నిజం కయ్యమవుతుంది. క్లాసులో ఈ పద్యం చెప్పి ఒక్క క్షణం ఆగేవాణ్ణి. వెనక బెంచీలో ఎవరో ఒకరు 'అయితే కొట్లాట వస్తుందా మాస్టారూ?' అనేవారు.