బేస్ గిటార్ శబ్దం బాగుపడాలంటే ముందు ఏం మార్చాలి: చెక్కా, పికప్పా, తీగలా?

ముందు తీగలు, ఆ తర్వాతే పికప్; ఎలక్ట్రిక్ బేస్ శబ్దంలో చెక్క వాటా అన్నిటికంటే తక్కువ.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట. పైనున్న ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది, ఆంప్‌కి (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్ పెట్టెకి) వెళ్లేది అదే. అందుకే నైలాన్ తీగలు వేస్తే మామూలు అయస్కాంత పికప్ పట్టుకోలేదు.

గోదావరి డెల్టా తేమకి, చేతి చెమటకి తీగలు తొందరగా తుప్పుపట్టి మొద్దుబారతాయి. అమలాపురంలో చర్చి పాటలకు వాయించే బేస్ మూగబోయినట్టుంటే, కొత్త నికెల్ రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి సన్న తీగ చుట్టిన) సెట్ వేయండి, ఖంగుమనే మోత తిరిగొస్తుంది. మెత్తని శబ్దం కావాలంటే ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన పట్టీ చుట్టినవి). తుప్పు బాధ ఎక్కువైతే స్టెయిన్‌లెస్ స్టీలువో, కోటింగ్ ఉన్నవో మేలు. ఏవి వేసినా వాయించాక పొడిగుడ్డతో తుడవడం మాత్రం మానొద్దు, ఇది నిజంగా ముఖ్యం.

వీణకు పనస చెక్క ఎలాగో బేస్‌కీ మంచి చెక్కే ప్రాణమని చాలామంది అనుకుంటారు. కానీ వీణ కుండ బోలుగా ఉండి తానే నాదాన్ని పెంచుతుంది. బోలు లేని బేస్‌లో ఆ పని పికప్, ఆంప్ చేస్తాయి. చెక్కలో చూసుకోవాల్సింది భుజానికి పడే బరువు, తేమకి గిటార్ మెడ వంగకుండా నిలబడటం.