ఎర్త్‌సీ మాంత్రికుడి నవల: మా అబ్బాయి మధ్యలో వదిలేశాడు, మళ్ళీ చదివించాలా?

మీరు అడిగింది ఇదీ: తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయికి అర్సులా లె గ్విన్ రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' కొనిచ్చారు. హ్యారీ పాటర్ పుస్తకాలన్నీ చదివేసిన పిల్లాడు దీన్ని రెండు అధ్యాయాలు చదివి పక్కన పడేశాడు. చదివినవాళ్ళలో కొందరు ఇంత మంచి పుస్తకం లేదంటున్నారు, కొందరు నిద్రొస్తుందంటున్నారు. మళ్ళీ చదవమని చెప్పాలా, వదిలేయాలా?

చదవమనే చెప్పండి. కాకపోతే వాడొక్కణ్ణే చదువుకోమనకండి. మీరూ పక్కన కూర్చుని పైకి చదవండి. ఉన్నవి పది అధ్యాయాలే, అందులో కనీసం నాలుగోది అయ్యేదాకా.

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. వేసవి సెలవుల్లో ఎండ తగ్గాక మా మిద్దె మీద చాప పరుస్తాం. మా వీధి పిల్లకాయలు, నా దగ్గర చదువుకున్న కొందరు, మా అక్క కూతురు, కింద వాటాలో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు చేరతారు. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వింటారు, అర్థం కాని చోట ఆపి అడుగుతారు. ఈ నవలను అలా వేర్వేరు వేసవుల్లో వేర్వేరు పిల్లలతో చదివాను. ఇక్కడ నేను రాస్తున్న అభిప్రాయాల్లో చాలావరకు ఆ మిద్దె మీద విన్నవే.

ముందు 'బోర్' సంగతి. మొదటి పేరాలోనే రచయిత్రి చెప్పేస్తుంది, ఈ గెడ్ అనే పిల్లాడు పెద్దయ్యాక డ్రాగన్లతో మాట్లాడేంతటివాడు, మాంత్రికులందరికీ పెద్ద అవుతాడని. పేరు రాకముందు, పాటలు కట్టకముందు జరిగిన కథ ఇదీ అని మొదలుపెడుతుంది. ఇక సస్పెన్స్ ఎక్కడుంది అని పిల్లలు అడుగుతారు. మన చిత్తూరు వైపు పల్లెల్లో భారతం జరుగుతుంది కదా, ద్రౌపదమ్మ గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి నాటకం. దుర్యోధనుడు చస్తాడని తెలియనివాళ్ళు అక్కడ ఒక్కరూ ఉండరు, అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఈ నవల చెప్పే పద్ధతి కూడా అదే. పాత్రల సంభాషణలు తక్కువ, చెప్పేవాడి గొంతు ఎక్కువ. కళ్ళతో గబగబా చదివితే పొడిగా ఉంటుంది, పైకి చదివితే ఆ వాక్యాల నడక చెవికి తెలుస్తుంది. పైకి చదవమన్నది అందుకే. నా అనుభవంలో సగం మంది పిల్లల ఫిర్యాదు దీనితోనే పోయింది.

ఈ పుస్తకం 1968లో వచ్చింది. అంతకుముందు ఏడాది పార్నాసస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ వాళ్ళు కొంచెం పెద్ద పిల్లల కోసం ఒక నవల రాయమని లె గ్విన్‌ను అడిగారు. అప్పుడామెకు వచ్చిన ఆలోచన నాకు చాలా ఇష్టం. కథల్లో మాంత్రికులెప్పుడూ తెల్లగడ్డం ముసలివాళ్ళే, మరి వాళ్ళు కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు ఏమై ఉంటారు, ఆ విద్య ఎక్కడ నేర్చుకుని ఉంటారు అని. మన నేపాళ మాంత్రికుణ్ణి, మాయల ఫకీరును తలుచుకోండి. వాళ్ళ గుహలూ, ఫకీరు ప్రాణం దాచుకున్న చోటూ మనకు తెలుసు కానీ పదమూడేళ్ళప్పుడు వాళ్ళు ఎవరి దగ్గర తిట్లు తిన్నారో ఎవరూ చెప్పలేదు. మన కథల్లో హీరో రాజకుమారుడో తోటరాముడో అవుతాడు, మాంత్రికుడు విలన్. ఇక్కడ మంత్రం నేర్చుకునే పిల్లాడే హీరో. కథలో జరిగే నష్టం కూడా వాడు తెచ్చిపెట్టిందే.

ఎర్త్‌సీ అంటే దీవుల లోకం. అందులో గోంట్ అనే కొండ దీవిలో గెడ్ మేకలు కాసుకునే పిల్లాడు. తల్లి లేదు, తండ్రి కంచు పని చేసే కమ్మరి. మంత్రాలు తెలిసిన తల్లి తోబుట్టువు దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుంటాడు. ఊరి మీదికి శత్రువులు వచ్చినప్పుడు మంచు కమ్మించి ఊరిని కాపాడతాడు. ఆ మాట విని ఓగియన్ అనే గురువు వచ్చి శిష్యుడిగా తీసుకెళ్తాడు. ఇక్కడే మీ అబ్బాయి ఆగిపోయి ఉంటాడు. ఎందుకంటే ఓగియన్ ఏమీ నేర్పడు! అడవిలో నడుస్తారు, మూలికలు ఏరతారు, వాన పడితే చెట్టు కింద పడుకుంటారు. వానను ఆపగల మాంత్రికుడు వానను ఆపడు. "ఆపకపోతే ఇంకెందుకు మేడమ్ ఆ పవర్" అని మా దగ్గర ఒక పిల్లాడు నిజంగా కోపంగా అడిగాడు. గెడ్‌కూ అదే కోపం. తర్వాత రోక్ దీవిలోని మాంత్రికుల బడిలో గురువులు దీనికి జవాబు చెప్తారు. ఒక రాయిని రత్నంగా మార్చినా లోకం కాస్త మారుతుంది, ఇక్కడ వాన కురిపిస్తే ఇంకెక్కడో కరువు రావచ్చు, అందుకే ఏం చేస్తున్నావో తెలిసేదాకా చేయకు అని. ఆ జవాబు అప్పటికి గెడ్ చెవికెక్కదు. మా పిల్లలకూ ఎక్కలేదు. నాలుగో అధ్యాయం అయ్యాకే ఎక్కింది.

నాలుగో అధ్యాయం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఈ పుస్తకాన్ని నేను ఇంతగా వెనకేసుకు రావడానికి కారణం అదే. బడిలో జాస్పర్ అని ఒకడుంటాడు. పెద్దింటి పిల్లాడు, మర్యాదగా మాట్లాడుతూనే ఎదుటివాణ్ణి చిన్నబుచ్చుతాడు. వాడి ముందు గెలవాలని గెడ్ ఒక రాత్రి చేయకూడని పని చేస్తాడు, ఎప్పుడో చచ్చిపోయిన ఒకామెను పిలుస్తాడు. ఆ పిలుపుతో లోకానికే చీలిక పడుతుంది, అందులోంచి నల్లని నీడ లాంటిదేదో దూకి వాడి మొహం చీరేస్తుంది. ఆ చీలికను మూయడానికి బడి పెద్ద తన శక్తినంతా ధారపోసి ప్రాణం వదిలేస్తాడు. ఇంతవరకు ఏ మంచి ఫాంటసీలోనైనా రాయొచ్చు. తర్వాత రాసింది మాత్రం నేను ఇంకెక్కడా చదవలేదు. గెడ్ నెలల తరబడి మంచం పడతాడు. లేచి మళ్ళీ క్లాసుకు వెళ్తే, ఒకప్పుడు తను చులకన చేసిన తోటివాళ్ళంతా ముందుకెళ్ళిపోయి ఉంటారు. తనకంటే చిన్నపిల్లలతో కూర్చోవాలి. అక్కడా రాణించడు, అతి తేలికైన మంత్రానికి కూడా నోరు తడబడుతుంది.

లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉన్న ఒక కుర్రాడు ఆ సాయంత్రం ఆ పేజీ చదువుతున్నాడు. అంతకుముందు సంవత్సరం జిల్లాలో పేరున్న విద్యార్థి, పరీక్షలో అనుకున్న ర్యాంకు రాలేదు, తన జూనియర్లతో కలిసి మళ్ళీ కూర్చున్నాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయి, పుస్తకం పక్కవాడికిచ్చి మిద్దె చివరికెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి రోజు పుస్తకం ఇంటికి తీసుకెళ్తానని అడిగాడు. తిరిగిచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాడు: "గెడ్‌ను ఎవరూ మోటివేట్ చేయలేదు మేడమ్, అది నచ్చింది." నిజమే, ఆ బడిలో ఎవరూ వాడికి ధైర్య వాక్యాలు చెప్పరు. వెచ్ అనే స్నేహితుడు మాత్రం ఊరికి వెళ్ళిపోయే ముందు వచ్చి తన అసలు పేరు చెప్తాడు. ఆ లోకంలో ఒకరి అసలు పేరు తెలిస్తే వాళ్ళ మీద అధికారం వచ్చేస్తుంది కాబట్టి ఎవరూ బయటపెట్టరు. లోకమంతా తప్పు చేసినవాడిగా చూస్తున్న పిల్లాడి చేతిలో వెచ్ తన ప్రాణం పెట్టినట్టే. ఇంతకంటే గొప్ప స్నేహం సీను పిల్లల పుస్తకాల్లో నాకు తెలియదు. పదిహేను, పదహారేళ్ళ పిల్లలను ర్యాంకుల టెన్షన్‌లో పెట్టి నలిపే మన ఊళ్ళల్లో ఈ అధ్యాయం ప్రతి పిల్లాడూ చదవాలని నాకు గట్టిగా ఉంది.

జాస్పర్‌కు శిక్ష పడదా అని అందరూ అడుగుతారు. పడదు. వాడు మాంత్రికుడు కాకుండానే బడి వదిలి వెళ్ళిపోయాడని రచయిత్రి ఒక మాటలో తేల్చేస్తుంది. చాలామందికి ఇది నిరాశ. నాకు ఇదే సరైందనిపిస్తుంది. గెడ్‌కు అసలు శత్రువు జాస్పర్ కాదు కదా.

లెక్కల మాస్టారి అభిప్రాయం వేరు. ఆయనకు ఐదో అధ్యాయంలోని డ్రాగన్ కావాలి. "పెండార్ డ్రాగన్‌ను అన్ని తక్కువ పేజీల్లో ముగించేస్తే ఎలా అమ్మా" అంటారు. ఆయన చెప్పిన ఒక విషయం మాత్రం నేను ముందు అంతగా గమనించలేదు. ఆ ముసలి డ్రాగన్ గెడ్‌కు బేరం పెడుతుంది, నిన్ను వెంటాడే నీడ పేరు నేను చెప్తాను అని. ఆ పేరు దొరికితే గెడ్ బతికిపోతాడు. అయినా డ్రాగన్ ఇక ఎప్పుడూ ఆ దీవుల వైపు రాకూడదన్న మాటే అడుగుతాడు, తనను నమ్మిన బెస్తవాళ్ళ కోసం. గెడ్ పెద్దవాడైంది ఇక్కడే, చివర్లో కాదు అని మాస్టారి వాదన. నేను ఒప్పుకుంటాను.

ఇక మా అక్క కూతురి ఫిర్యాదు. "ఆడపిల్లలు ఏరీ చిన్నమ్మా?" రోక్ బడిలో అంతా మగపిల్లలే. ఆడవాళ్ళ మంత్రం అంటే బలహీనం, చెడ్డది అని గోంట్ దీవి సామెతలే చెప్తాయి. చిన్నప్పుడు గెడ్‌ను రెచ్చగొట్టిన అమ్మాయే పెద్దయ్యాక వాణ్ణి ఉచ్చులోకి లాగుతుంది. వెచ్ చెల్లెలు యారో ఒక్కతే హాయిగా కనిపిస్తుంది, అదీ వంటింటి దగ్గరే. ఈ విమర్శకు నా దగ్గర సమర్థన లేదు, అది న్యాయమైనదే. మీ అబ్బాయితో చదివేటప్పుడు కూడా ఆ సామెత దగ్గర ఆగి మాట్లాడండి. లె గ్విన్ కూడా తర్వాత దీన్ని వదిలేయలేదు. 1990లో 'తెహానూ' రాసి, అదే లోకాన్ని ఒక నడివయసు ఆడమనిషి కళ్ళతో మళ్ళీ చూపించింది. అది పెద్దలు చదవాల్సిన పుస్తకం, పిల్లాడికి ఇప్పుడే వద్దు.

ఆ పిల్లే ఇంకో సంగతి పట్టుకుంది. గెడ్ బొమ్మ గీస్తూ, వాడి ఒంటి రంగు రాగి రంగు అని పుస్తకంలో ఉందని చూపించింది. వెచ్ నల్లగా ఉంటాడు. ఊరి మీద పడి కొల్లగొట్టేవాళ్ళే తెల్లవాళ్ళు. 1968లో అమెరికాలో పిల్లల ఫాంటసీలో అలా రాయడం చిన్న విషయం కాదు. అయినా చాలాకాలం ప్రచురణకర్తలు అట్టల మీద తెల్లకుర్రాణ్ణే వేశారు. 2004లో టీవీ సీరీస్ తీసినవాళ్ళు గెడ్ పాత్రకు తెల్లనటుణ్ణే తీసుకుంటే లె గ్విన్ బహిరంగంగా తప్పుపట్టింది. మా మిద్దె మీద మాత్రం గెడ్ మా వీధి పిల్లాడిలాగే ఉన్నాడు.

రెండో సగంలో నవల మారిపోతుంది. అప్పటిదాకా నీడకు భయపడి దీవి నుంచి దీవికి పారిపోయిన గెడ్‌తో ఓగియన్ అంటాడు, నువ్వు పారిపోతున్నంత కాలం నీ దారి అదే నిర్ణయిస్తుంది, వెనక్కి తిరుగు, వేటాడేదాన్నే వేటాడు అని. ఇది చదివిన రోజు మా ఊళ్ళో గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి గంగమ్మ జాతర గుర్తుచేసింది. భయపడి దాక్కున్న పాలెగాడి కోసం గంగమ్మ రోజుకో వేషం కట్టి వెతుకుతుంది, చివరికి దొర వేషంలో బయటికి రప్పించి చంపుతుంది. ఇక్కడా అలాగే చంపేస్తాడా మేడమ్ అని అడిగింది. ముగింపు చెప్పను. చంపడం, ఓడిపోవడం రెండూ కాదని మాత్రం చెప్పగలను. పెద్ద యుద్ధం ఎదురుచూసినవాళ్ళు "ఇంతేనా" అంటారు. చివరి అధ్యాయం చదివిన ప్రతిసారీ మా దగ్గర చర్చ దీపాలు పెట్టినా ఆగలేదు. ఆ అమ్మాయి చంపడం కంటే గెడ్ చేసిందే కష్టమంది. కోచింగ్ కుర్రాడు కూడా ఆమె వైపే.

హ్యారీ పాటర్‌తో పోల్చి చదవనివ్వకండి. మొదటి హ్యారీ పాటర్ 1997లో వచ్చింది, దీనికి దాదాపు మూడు దశాబ్దాల తర్వాత. రెండింటిలో మాంత్రికుల బడి ఉన్నా ఇందులో బడి రెండు మూడు అధ్యాయాలే. మిగతాది చాలావరకు ఒంటరి ప్రయాణం. స్నేహితుల గుంపు, ఆటలు, నవ్వు కావాలంటే ఇందులో దొరకవు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీ వాడికి మంచిది. 2006లో వచ్చిన జపాన్ యానిమేషన్ సినిమాతో మొదలుపెట్టొద్దు. అది వేరే భాగాల నుంచి ముక్కలు తీసుకున్న కథ, దాన్ని చూస్తే ఈ నవల మీద ఆసక్తి కూడా పోతుంది.

పుస్తకం ముందున్న మ్యాపును ఫొటో తీసి ప్రింట్ తీయించుకోండి. గెడ్ ఏ దీవికి వెళ్తే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టమనండి. మా పిల్లకాయలకు రెండో సగం పట్టుబడింది ఆ మ్యాపుతోనే. పూట పూటకూ సగం అధ్యాయం చాలు. నాలుగో అధ్యాయం అయ్యాక కూడా వాడికి మనసు లేకపోతే బలవంతపెట్టకండి, అటక మీద పెట్టేయకుండా కనపడే చోట ఉంచండి. నచ్చితే తర్వాతది 1971లో వచ్చిన 'ద టూంబ్స్ ఆఫ్ అటువాన్'. అందులో కథ నడిపేది చిన్నప్పుడే ఇంటి నుంచి తీసుకొచ్చి పూజారిణిని చేసిన ఒక అమ్మాయి. చీకటి సొరంగాల్లో నడుస్తుంది కాబట్టి దాన్ని రాత్రిపూట చదివితే ఇంకా బాగుంటుంది. మా అక్క కూతురికి ఆ రెండోదే ఎక్కువ నచ్చింది. ఇంట్లో ఆడపిల్ల కూడా ఉంటే ఆ పిల్లకు ముందు అదే ఇవ్వండి, కథ విడిగా కూడా అర్థమవుతుంది.