కెమిస్ట్రీ చదివినవాళ్లు వైర్‌లెస్ ఎలక్ట్రానిక్స్‌లో పీహెచ్‌డీ చేయవచ్చా?

తప్పకుండా చేయవచ్చు. "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను, సర్క్యూట్లు రావు, యాంటెన్నాల మీద పనిచేసే గైడు నన్ను తీసుకుంటారా?" అని అడిగారు. నేను అలాంటి గైడునే. సర్క్యూట్లు ఏడాదిలో నేర్పవచ్చు. ల్యాబ్ బల్ల దగ్గర మీకు అబ్బిన అలవాట్లను మా ఎలక్ట్రానిక్స్ పిల్లలకు నేర్పడమే కష్టం.

మా ల్యాబ్‌లో పొలాల్లాంటి చోట్ల పెట్టడానికి, చెత్త తక్కువ మిగిలేలా, కాగితం మీద వెండి ఇంకుతో యాంటెన్నాలు అచ్చు వేసి, చిన్న చిప్ జోడించి ట్యాగులు చేస్తాం. కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్ లాగే వీటికీ బ్యాటరీ ఉండదు. ట్యాగును దూరం నుంచి చదివే యంత్రం, అంటే రీడర్, పంపిన తరంగం నుంచే చిప్ తనకు కావలసిన కాస్త శక్తిని తీసుకుని, ఆ తరంగంలోనే తన సమాచారాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది. 866 మెగాహెర్ట్జ్ దగ్గర పని కాబట్టి యాంటెన్నా జానెడు లోపే ఉంటుంది.

ఒక ఏడాది మే నెలలో మా ఈసీఈ విద్యార్థి చేసిన ట్యాగ్ అయిదు మీటర్ల దూరం నుంచి చక్కగా పలికింది. జులైలో అదే ట్యాగ్ రెండు మీటర్లు దాటితే మూగబోయింది. అతను రీడర్‌ను అనుమానించాడు, కేబుళ్లు మార్చాడు, యాంటెన్నాను మళ్లీ మళ్లీ గీశాడు. మూడు వారాలు తిండీ నిద్రా సరిగా లేవు. అప్పటికి కెమిస్ట్రీ నుంచి వచ్చిన అమ్మాయి చేరి రెండు నెలలైంది. "అన్నా, మీ నోటుబుక్కు ఒకసారి ఇస్తారా?" అని అడిగి, తన పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చుంది. అతని పుస్తకంలో ఫ్రీక్వెన్సీ, పవరు, దూరం ఉన్నాయి. ఆమె పుస్తకంలో ప్రతి పేజీకీ పైన కుడిమూల తేదీ, దాని కింద గది ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం. ఎమ్మెస్సీలో పడిన అలవాటు. తేమ 80 దాటిన రోజులన్నీ అతని దూరం పడిపోయిన రోజులే!

అదే కాగితం ముక్కను తూచింది. 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచింది. బరువులో నూటికి తొమ్మిది పాళ్లు నీరే. విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత శక్తిని నిల్వ చేసుకుంటుందో చెప్పే అంకెను డైఎలక్ట్రిక్ స్థిరాంకం అంటారు. ఎండు కాగితానికి అది సుమారు 3, నీటికి 80. ఆ అంకెలు మావాడికి కంఠస్థం. కాగితం నీరు తాగుతుందన్న సంగతే అతని మనసుకు తట్టలేదు. తాగిన నీటితో ఆ అంకె పెరిగి యాంటెన్నా శ్రుతి, అంటే అది బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ, కిందికి జారిపోయింది. అందుకే నా లెక్కలో, వేరే శాఖ నుంచి వచ్చిన విద్యార్థి ఒక్కరైనా లేని ల్యాబ్‌లో పర్యావరణానికి పనికొచ్చే పరికరం పుట్టదు.

కానీ మన కమిటీలకు ఇది పట్టదు. ఏటా సమీక్షలో "ఇంతకీ ఇది ఏ శాఖ పని?" అని అడుగుతారు. అధ్యాపక ఉద్యోగాల ప్రకటనల్లో డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా ఒకే సబ్జెక్టు కావాలంటారు. రెండు శాఖలు నేర్చుకున్న పిల్లలకు దక్కే బహుమానం ఇదా అని కడుపు మండుతుంది. ప్రపంచం 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుచేసిందని, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. ఆ చెత్త ఏ శాఖదో ఎవరూ అడగరు.

తర్వాత వ్యవసాయ విభాగం నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. మొదటి వారంలోనే "సార్, కోతలయ్యాక ఇవి పొలంలో ఎవరు ఏరతారు?" అని అడిగాడు. ట్యాగులను మట్టికుండీల్లో పాతిపెట్టి, నలభై రోజుల తర్వాత మట్టిని వేళ్లతో నలుపుతూ నాకు చూపించాడు. కాగితం ఆనవాలు లేదు. వెండి గీతలు పొరలు పొరలుగా వేలికి తగిలాయి, నల్లటి చిప్ చెక్కుచెదరలేదు. వెండి నేలలోని సూక్ష్మజీవులకు మంచిది కాదని అతనే పట్టుబట్టాడు.

అందుకే ఇప్పుడు ఆ కెమిస్ట్రీ అమ్మాయి వెండికి బదులు జింకు ఇంకు మీద కుస్తీ పడుతోంది. గాలి తగలగానే జింకు రేణువుల చుట్టూ ఆక్సైడ్ పొర కట్టి, కరెంటు సరిగా పారదు. మీరు ఎమ్మెస్సీలో లోహపు ఆక్సైడ్ల మీద ఏ కాస్త పనిచేసి ఉన్నా, గైడుకు రాసే ఉత్తరంలో మొదటి వాక్యంగా అదే రాయండి.