స్కానర్ కొన్నావట

బిడ్డా,

హైదరాబాద్‌లో షోరూం ఉద్యోగం మానేసి నకిరేకల్ బైపాస్ పక్కన సొంతంగా కార్లకు కంప్యూటర్ స్కానింగ్ చేసి రిపేరు చేసే షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "అంతా మేనమామ పోలికే" అని తిట్టింది. తిట్టింది నిన్నో నన్నో తెలియలేదు. సంతోషం ఎంతో, టెన్షన్ అంతకు రెట్టింపు. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

ముందు చున్నీ సంగతి. నవ్వకు. బానెట్ ఎత్తే ముందు దాన్ని తీసి పక్కన పెట్టు, జడ ముడి వేసుకో. రేడియేటర్ ఫ్యాను ఇంజన్ ఆపాక కూడా దానంతట అదే తిరుగుతుంది. గాజులూ వద్దు. నా మణికట్టు మీది మచ్చ చూసి చిన్నప్పుడు "మామా, ఇదేంది?" అనేదానివి. కుక్క కరిచిందని చెప్పాను కదా, అబద్ధం. స్టీలు గొలుసు వాచీ పెట్టుకుని బ్యాటరీ ప్లస్ దగ్గర స్పానర్ తిప్పాను. క్షణంలో గొలుసు ఎర్రగా కాలింది.

ఇక మామూలు పనులు నీకే తెలుసు. బండి కంప్యూటర్ దాచుకున్న లోపం కోడ్‌ను స్కానర్‌తో చదివే ముందు బ్యాటరీ చూడు. బండి ఆపి ఉంటే 12.6 వోల్టులకు దగ్గరగా ఉండాలి. తగ్గితే లేనిపోని కోడ్‌లు పడతాయి. ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడిన క్షణంలో ఇంజన్ లెక్కలు, రాసుకోకుండా కోడ్ చెరిపేయకు, అదీ పోతుంది. డ్యాష్‌బోర్డు మీది ఇంజన్ చెక్ లైటు మిణుకుమిణుకుమంటూ బండి వస్తే ఇంకో కిలోమీటరు కూడా నడపనియ్యకు. మిస్‌ఫైర్‌తో, అంటే సిలిండర్‌లో మంట సరిగ్గా అంటక, కాలని పెట్రోలు వెళ్లి పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

అసలు చెప్పాలనుకున్నది వేరే.

2016 ఎండాకాలం. కట్టంగూర్ వైపు నుంచి ఒకాయన టాక్సీ తెచ్చాడు. ఫైనాన్స్ బండి, పెళ్లిళ్ల సీజను. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంటే, వణుకుతోంది. నా స్కానర్ అప్పుడు కొత్తది, చేతిలో ఉంటే డాక్టర్‌నైపోయినట్టు ఉండేది. పీ0171 అనే కోడ్ చూపించింది: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఆ మాట చెప్పేది పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ కదా, అదే పోయిందనుకుని మార్చేశాను. కోడ్ చెరిపాను, లైటు ఆరింది. ఆయన దండం పెట్టి వెళ్లాడు.

నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. ఈసారి ఫ్యూయల్ పంపు మార్చాను. వారం తిరగకుండా మళ్లీ లైటు. ఆ నెల కిస్తీ కట్టలేదని ఆయన మెల్లగా అన్నాడు, నిష్ఠూరంగా కూడా కాదు. ఆ మధ్యాహ్నం బండి స్టార్ట్ చేసి పెట్టి తల పట్టుకుని కూర్చుంటే కరెంటు పోయింది. కంప్రెసర్ ఆగింది, ఫ్యాను ఆగింది. అప్పుడు వినపడింది, సన్నగా "సుయ్" మని. గాలి కొలిచే సెన్సర్ దాటాక ఉన్న రబ్బరు గొట్టానికి అడుగున పగులు. వేలు పెట్టి మూస్తే ఇంజన్ నెమ్మదించింది. ఆ గాలి కొలతకు అందకుండా లోపలికి పోతోంది. కంప్యూటరేమో తాను కొలిచిన గాలికే పెట్రోలు పోస్తోంది. ఆక్సిజన్ సెన్సర్ పాపం నిజమే చెప్పింది. నిజం చెప్పినదాన్నే పీకి పారేశాను.

ఇంజన్ నడుస్తుండగా స్కానర్ చూపే లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూసి ఉంటే రెండు నిమిషాల పని. ఐడిల్‌లో ప్లస్ ఇరవై దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర బాగా పడిపోతే గాలి లీకు వెతుకు. రేస్ చేసేకొద్దీ పెరుగుతుంటే పెట్రోలు అందడం లేదేమో చూడు.

తప్పు అక్కడితో ఆగితే నీకు రాసేవాణ్ని కాదు. "పంపు సెట్ అయింది, ఇక రాదు" అని చెప్పి గొట్టం మార్చి పంపేశాను. సెన్సర్ డబ్బులు వాపస్ ఇవ్వలేదు. అప్పట్లో మీ అత్త ఆపరేషన్ ఖర్చులు ఉండె. అయినా అది సాకే.

ఆయన తర్వాత నా షాపు మెట్లెక్కలేదు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర కనిపిస్తే తల ఊపుతాడు, అంతే. నీ షాపు ఆయనకు దారిలోనే. తెల్ల బండి, ఎడమ డోరుకు సొట్ట. వస్తే బాగా చూడు. డబ్బులు తీసుకోకు, నా ఖాతాలో రాయి. ఎందుకని అడిగితే గొట్టం సంగతి చెప్పెయ్.

మీ మామ