జాబెర్‌లా ఆడాలంటే తొమ్మిదో తరగతి మాన్పించాలా?

ప్రశ్న: మా పాపకి 13 నిండాయి, ఎనిమిదో తరగతి. రాష్ట్ర స్థాయి అండర్-14 టెన్నిస్ పోటీల్లో సెమీస్ దాకా వెళ్తోంది. ఆన్స్ జాబెర్ అంటే దానికి ప్రాణం. ట్యునీసియా లాంటి చిన్న దేశం నుంచి వచ్చి ఆమె వింబుల్డన్ ఫైనల్ ఆడింది, నేనెందుకు ఆడకూడదు అంటుంది. తొమ్మిది నుంచి స్కూలు మాన్పించి పూర్తిగా అకాడమీలో చేర్పించమంటున్నారు. చేర్పించాలా? ఇంకో సంగతి. బంతిని నెమ్మదిగా నెట్ దాటించి అక్కడే పడేసే డ్రాప్ షాట్లు వద్దంటారు కోచ్, ఇది మానదు. ఏం చేయాలి?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: స్కూలు మాన్పించకండమ్మా. టెన్నిస్ వద్దని కాదు, పాప ఆట ముందుకు సాగాలనే ఈ మాట. పాప జాబెర్‌ని చూసి ముచ్చటపడుతోంది కాబట్టి, జాబెర్ నడిచిన దారినే ఏళ్ల లెక్కన చూద్దాం.

ఆమె 1994లో క్సార్ హెల్లాల్‌లో పుట్టింది, సూస్ ప్రాంతంలో పెరిగింది. మూడేళ్లకే వాళ్లమ్మ టెన్నిస్ అలవాటు చేసింది. ఆడే క్లబ్బుకి సొంత కోర్టుల్లేవు, దగ్గర్లోని హోటళ్ల కోర్టుల మీద ప్రాక్టీసు. నబీల్ మ్లికా అనే ఒకే కోచ్ దగ్గర దాదాపు పదేళ్లు నేర్చుకుంది. 12 ఏళ్లకి రాజధాని ట్యునిస్‌లోని ఎల్ మెంజా క్రీడా పాఠశాలలో చేరింది. గమనించండి, ఆమె వెళ్లింది బడికే. చదువూ శిక్షణా ఒకే చోట జరిగే ప్రభుత్వ క్రీడా పాఠశాల అది. 16 తర్వాతే బెల్జియం, ఫ్రాన్స్‌లలో శిక్షణ. అప్పటికి ఆమె దేశంలో దారి బొత్తిగా లేకపోలేదు. ట్యునీసియాకే చెందిన సెలీమా స్ఫార్ 2001లోనే 75వ ర్యాంకు దాకా వెళ్లింది.

ఇక అసలు చూడాల్సిన భాగం. 2010లో ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ ఫైనల్లో ఓడింది, 2011లో అదే టైటిల్ గెలిచింది. అప్పటికి 16 ఏళ్లు. అంత పెద్ద టైటిల్ చేతిలో ఉన్నా సీనియర్లలో టాప్-100లోకి వచ్చింది 2017లో, 22 ఏళ్లకి. మొదటి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) టైటిల్ 2021 బర్మింగ్‌హామ్‌లో, 26 ఏళ్లకి. మాడ్రిడ్ టైటిల్, రెండో ర్యాంకు, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ ఫైనల్స్ అన్నీ 2022లో, 2023లో మళ్లీ వింబుల్డన్ ఫైనల్. టీవీలో మనకి కనిపించేది ఈ చివరి రెండేళ్లే. 2011 నుంచి 2017 వరకు గడిచిన ఆ ఆరేళ్లే కుటుంబాలను కుంగదీస్తాయి. చాలామంది అమ్మాయిలు ఆట వదిలేసేది కూడా అక్కడే. ఆ ఆరేళ్లు మీ పాప దేని ఆసరాతో గడుపుతుందన్నది ఇప్పుడు మీరు తేల్చుకోవాల్సిన విషయం.

డబ్బు సంగతి చెప్తాను. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో కింది మెట్టు డబ్ల్యూ15 టోర్నీలు. పేరులోని 15 అంటే సింగిల్స్, డబుల్స్ అన్నీ కలిపి మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. సింగిల్స్ గెలిస్తే రెండు వేల పైచిలుకు డాలర్లు, మొదటి రౌండ్‌లో ఓడితే రెండొందల లోపు. అందులోనే పన్ను, హోటల్, తిండి, తిరుగు ప్రయాణం. పై మెట్టు చూడండి: 2025 వింబుల్డన్‌లో మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకే 66,000 పౌండ్లు ఇచ్చారు. అందుకే నూరో ర్యాంకు చుట్టుపక్కలకి చేరితే గానీ ఆట తన ఖర్చు తాను మోయదు. అప్పటిదాకా ఇంటి డబ్బో, స్పాన్సరో, కాలేజీ స్కాలర్‌షిప్పో మోయాలి.

విచిత్రమేమిటంటే, ఆ కింది మెట్టు టోర్నీలు ఎక్కువగా జరిగే చోట్లలో ఒకటి జాబెర్ సొంత ప్రాంతమే. సూస్ పక్కనే సముద్రం ఒడ్డున మొనాస్టిర్‌లో, అటు ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్‌లో ఇవి వారం తర్వాత వారం జరుగుతుంటాయి. మన దేశపు ఆటగాళ్లూ అక్కడికి వెళ్తుంటారు. హార్డ్ కోర్టులు కాబట్టి మనవాళ్లకి అలవాటైన బౌన్సే. ఒక్క విమాన టికెట్‌తో మూడు వారాలు మూడు టోర్నీలు ఆడొచ్చు. కనీసం మూడు టోర్నీల్లో పాయింట్లు గానీ, మొత్తం 10 పాయింట్లు గానీ వస్తేనే డబ్ల్యూటీఏ ర్యాంకు ఇస్తారు. కాబట్టి ఒక్క వారానికి వెళ్లి రావడం కంటే ఇలా గుత్తగా వెళ్లడమే లాభం. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు తేదీలది. ఎంట్రీ గడువు టోర్నీకి రెండున్నర వారాల ముందే ముగుస్తుంది. వెనక్కి తగ్గాలన్నా దానికీ గడువుంది, అది దాటాక మానుకుంటే జరిమానా. పేరు పంపిన రోజే రెండు తేదీలూ క్యాలెండర్లో రాసుకోవాలి. అయితే ఇదంతా మీకు ఇప్పుడే కాదు. 14 నిండేదాకా ప్రొఫెషనల్ టోర్నీలు ఆడనివ్వరు, 18 వచ్చేదాకా ఏడాదికి ఇన్నే అని పరిమితి ఉంటుంది. 13కి తెరుచుకునేవి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) జూనియర్ టోర్నీలు. వాటిలో కింది మెట్లయిన జే30, జే60లు మన దేశంలోనే జరుగుతాయి, వాటితో మొదలుపెట్టండి, విదేశీ ప్రయాణం అక్కర్లేదు.

జాబెర్ ఒక్కరినే చూసి నిర్ణయించుకోవద్దు. ఈజిప్టు అమ్మాయి మాయర్ షెరీఫ్‌ని కూడా చూడండి. మీ ఇంటి పరిస్థితికి ఆమె దారే దగ్గర అని నా అభిప్రాయం. కైరోలో పుట్టింది. అమెరికాలో ముందు ఫ్రెస్నో స్టేట్, తర్వాత పెపర్‌డైన్ యూనివర్సిటీ జట్లకి ఆడి 2018లో స్పోర్ట్స్ మెడిసిన్ డిగ్రీ తీసుకుంది. టాప్-100లోకి వచ్చింది 2021లో, 25 ఏళ్లకి. 2022లో పార్మా ఫైనల్లో మారియా సక్కారిని ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి ఈజిప్టు మహిళ అయింది. 2023లో 31వ ర్యాంకు. ఇందాక చెప్పిన ఆ కష్టకాలంలో నాలుగేళ్లని ఆమె కాలేజీలోనే గడిపింది. అక్కడ కోర్టు, కోచ్, ఫిజియో, వారం వారం మ్యాచ్‌లు అన్నీ అందుబాటులో ఉంటాయి. మన తెలుగమ్మాయి సహజ యమలపల్లి కూడా టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి, ఆ తర్వాతే ప్రొఫెషనల్ సర్క్యూట్‌కి వచ్చింది.

స్కూలు మాన్పించొద్దని మొదట్లోనే అన్నది ఇందుకే. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో పై శ్రేణికి అర్హత చూసేటప్పుడు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల మార్కులూ చూస్తారు. ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు లాంటి కోర్ సబ్జెక్టులు ఆ నాలుగేళ్లలో మొత్తం 16 ఉండాలి. తొమ్మిదో తరగతి గాలికొదిలేస్తే ఆ తలుపు 13 ఏళ్లకే మూసుకుపోతుంది, ఆ సంగతి మీకు తెలిసేసరికి పాపకి 17 వస్తాయి. ఓపెన్ స్కూల్లో పరీక్ష ఫీజు కడదామని ఎవరైనా అంటే, ఆ సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఒప్పుకోండి. ఇంటర్ అయ్యాక ఎక్కువ కాలం కాలేజీలో చేరకుండా టోర్నీలు ఆడితే అర్హత తగ్గుతుంది, ప్రైజ్ మనీకీ షరతులుంటాయి. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రతి ఏడాదీ చూసుకోండి. టోర్నీ ఖర్చుల రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టండి. అమెరికా కాలేజీ కోచ్‌లు మ్యాచ్ ఫలితాలను బట్టి ఇచ్చే యూటీఆర్ రేటింగ్ కూడా చూస్తారు, పాప పేరున ఇప్పుడే ఖాతా తెరవండి.

ఇప్పటికి ఇలా చేయండి. ఉదయం ఫిట్‌నెస్ గంట, స్కూలు, సాయంత్రం రెండున్నర గంటలు కోర్టు. ప్రిన్సిపాల్‌ని కలిసి టోర్నీ తేదీలకి హాజరు మినహాయింపు, వేరే తేదీన పరీక్ష ముందే కాగితం మీద రాయించుకోండి. ఎదిగే వయసు, సర్వ్‌లు లెక్కపెట్టి వేయించండి. భుజం, మణికట్టు నొప్పి రెండో రోజూ ఉంటే ఆపేయాలి. సానియా మీర్జా సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లాక 2008లో మణికట్టుకి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. జాబెర్ కూడా మోకాలు, భుజం గాయాలతో సతమతమై, 2025 జులైలో ఆటకి విరామం ప్రకటించింది.

చివరిది డ్రాప్ షాట్. పాపని పూర్తిగా మానమనకండి. అయితే కోచ్ భయమూ నిజమే. జాబెర్ మ్యాచ్ పెట్టి పాపతో కలిసి చూడండి. ఆమె ముందు లోతుగా కొట్టి ప్రత్యర్థిని బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక్కి నెడుతుంది. తర్వాత బంతి పొట్టిగా పడితే తాను లోపలికి అడుగేస్తుంది. రాకెట్ వెనక్కి తీసే తీరు గట్టి షాట్‌కి తీసినట్టే ఉంటుంది. చివరి క్షణంలో పట్టు సడలించి, రాకెట్ ముఖం తెరిచి బంతి కింద కోస్తుంది. పిల్లలు చేసే తప్పు దీనికి తలకిందులు. తాము బేస్‌లైన్ వెనక ఉండి, అలసిపోయి, ర్యాలీ తొందరగా ముగించాలని వేస్తారు. బంతి రెండోసారి నేలని తాకేలోపే ఎదుటి పిల్ల వచ్చేస్తుంది. కోచ్‌తో ఒక ఒప్పందానికి రండి: పాప కాళ్లు బేస్‌లైన్ లోపల, ప్రత్యర్థి కాళ్లు బయట ఉన్నప్పుడే డ్రాప్. నెల రోజులు ప్రతి మ్యాచ్‌లో వేసిన డ్రాప్ షాట్లు, ఎక్కడ నిలబడి వేసింది, పాయింట్ ఎవరికి పోయింది మీరే గట్టున కూర్చుని ఒక పుస్తకంలో రాయండి. నెలాఖరున ఆ పుస్తకం కోచ్ ముందు పెట్టి మాట్లాడండి.