దవనం కట్టలు, అరగంట తనిఖీ, ఒక్క కాగితం లేదు

హైదరాబాద్‌లో రాత్రిపూట కారణం చెప్పకుండా బండి ఆపి డిక్కీ, బ్యాగు, ఫోను అన్నీ వెతుకుతున్నారు, ఇది న్యాయమేనా, అలా ఆపితే ఏం చేయాలి అని అడిగారు. లాయర్లు ఎవరైనా వచ్చి సెక్షన్లు వరసగా చెబుతారు. నాకు తెలిసినవి రెండు మూడు నేనూ చెబుతాను. కానీ నా కోపం మీరు అడగని విషయం మీద ఉంది. అది చెప్పాలంటే ముందు మా పూల బండి కథ చెప్పాలి.

నాది పెళ్లి మండపాల డెకరేషన్ పని. అంటే ఊరంతా పడుకున్నాక గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఉంటాం. చేవెళ్ల, షాబాద్ వైపు నుంచి బంతి, చామంతి వస్తాయి. గులాబీలు బెంగళూరు నుంచి దిగుతాయి. తెల్లారేలోపు సరుకు కొని, ట్రాలీలో సర్ది, ఫంక్షన్ హాల్ చేరాలి. కాబట్టి రాత్రి పోలీసులు ఆపడం మాకు కొత్త కాదు. ఆపుతారు, లైసెన్సు చూస్తారు, నోటి దగ్గర మిషన్ పెట్టి ఊదమంటారు, ఊదుతాం, పోతాం. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. తాగి నడిపేవాళ్లను పట్టుకోకపోతే ఆ టైంలో రోడ్డు మీద ముందు పోయేది మా ప్రాణాలే.

ఆ రోజు సంగతి వేరు. శ్రావణమాసం, పైగా వరలక్ష్మీ వ్రతం వారం. బంతిపూల ధర ఎంతుంటుందో మార్కెట్‌కి వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఔటర్ రింగు రోడ్డు అవతల ఒక హాల్లో పెళ్లి. పొద్దున్నే ముహూర్తం. బండి నేను నడుపుతున్నాను, పక్కన మా పని కుర్రాడు. మేదినీపూర్ నుంచి వచ్చాడు. హైదరాబాద్‌లో పెళ్లి మండపానికి వేసిన పూలు బాగున్నాయని మీరెప్పుడైనా ఫొటో దిగారంటే ఆ పూలు గుచ్చింది చాలావరకు బెంగాల్ కుర్రాళ్లే. మనవాళ్లు ఆ పనికి రారు, వచ్చినా నిలవరు. అది వేరే గొడవ.

ఒక ఫ్లైఓవర్ దిగేచోట బారికేడ్లు. ఏ స్టేషన్ పరిధో చెప్పను. టార్చ్ కొట్టారు. ఆపాను.

"సైడ్‌కు పెట్టు. ఏమున్నయ్?"

"పూలు సార్. పెళ్లికి."

"పూలేనా? కిందికి దిగు."

ఆర్సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటాను. తీసి ఇచ్చాను. ఆ కానిస్టేబుల్ కవర్ వైపు కూడా చూడలేదు. చెయ్యి లోపల పెట్టి తాళం లాక్కుని జేబులో వేసుకున్నాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న బండి తాళం లాక్కునే అధికారం ఎవరిచ్చారో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

టార్పాలిన్ విప్పమన్నారు. విప్పాం. బస్తాలు దింపమన్నారు. దింపాం. బంతిపూల బస్తా మూతి విప్పి లాఠీ దించి కలియబెట్టాడు ఒకాయన. తడి పూలు సార్, నలిగితే నల్లబడతాయి అంటే, "నువ్వు చెప్తే మేం నేర్సుకోవాల్నా" అన్నాడు. పేపర్లో చుట్టిన గులాబీ కట్టలు రోడ్డు మీద వరసగా పరిచారు. వాన వెలిసిన రోడ్డు. నాకు ఒళ్లు మండిపోతోంది, నోరు మాత్రం సార్ సార్ అంటూనే ఉంది.

అప్పుడు దొరికింది వాళ్లకు దవనం.

తెలియనివాళ్ల కోసం, దవనం అంటే జడల్లో, మాలల్లో మధ్యమధ్య పెట్టే సన్నటి బూడిదాకుపచ్చ ఆకు, మంచి వాసన. ఆ పెళ్లికి పూలజడలు కూడా మాకే అప్పగించారు కాబట్టి నాలుగైదు కట్టలు తడిగుడ్డలో చుట్టి పెట్టాను. ఆ గుడ్డ విప్పగానే ఆ కుర్ర కానిస్టేబుల్ ముఖం చూడాలి! లాటరీ తగిలింది, గంజాయి దొరికిందనుకున్నాడు. చిటికెడు తుంచి వాసన చూశాడు. ఇంకొకాయన్ని పిలిచాడు. ఆయనా చూశాడు. టార్చ్ వెలుగులో దగ్గర పెట్టుకుని తిప్పితిప్పి చూశారు.

"ఇదేంది?"

"దవనం సార్."

"దవనమంటే?"

అర్ధరాత్రి రోడ్డు మీద, చేతిలో లాఠీ ఉన్న మనిషికి దవనమంటే ఏమిటో ఎలా వివరిస్తారు? పెళ్లికూతురు జడలో పెడతారు సార్ అన్నాను. నమ్మలేదు. వెనకాల బారికేడ్ దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన, హోంగార్డు, వచ్చి చూసి నవ్వేశాడు. "ఇది దవనమే సార్. మా అమ్మ పెట్టుకునేది" అన్నాడు. "నువ్వాగు" అని ఆయన్నీ కసిరారు. ఆ రాత్రి అక్కడున్న వాళ్లలో ఆకు గుర్తుపట్టగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయన మాటకే విలువ లేదు.

తర్వాత మా కుర్రాడి వంతు. "వీడెక్కడోడు?" అని నన్నడిగారు, అక్కడే నిలబడ్డ వాణ్ని అడగకుండా. బెంగాల్ అనగానే "బంగ్లాదేశా?" అన్నారు. ఆధార్ చూపించాడు. చాలలేదు. ఫోన్ తీసి లాక్ తియ్యమన్నారు. వాడు నా వైపు చూశాడు. నేను సార్, ఫోనెందుకు అన్నాను. "తప్పు లేకపోతే భయమెందుకు" అన్నారు. ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ దానికి జవాబు చెప్పే తెలివి అర్ధరాత్రి ఎవరికీ రాదు. వాడి ఫోన్లో మండపాల ఫొటోలు, వాళ్ల చెల్లెలి ఫొటోలు, వాళ్ల ఊరి దుర్గాపూజ వీడియోలు. అన్నీ వేలితో పైకి తోసుకుంటూ చూశారు. వాట్సాప్ తెరిచారు. అంతా బెంగాలీ. చదవడం రాదు కాబట్టి ఫోన్ విసుగ్గా తిరిగిచ్చారు.

ఇదంతా జరుగుతుండగా మా పక్కనుంచి పెద్ద కార్లు పోతూనే ఉన్నాయి. ఒకదానికి అద్దాలన్నిటికీ నల్ల ఫిల్మ్. సుప్రీంకోర్టు ఆ ఫిల్ములు వద్దని 2012లోనే చెప్పింది. ఆ కారు కొంచెం నెమ్మదించింది, అద్దం రెండు వేళ్లంత దిగింది, లోపల్నుంచి ఏదో మాట, బారికేడ్ పక్కకు జరిగింది. ఆ కారులో ఏముందో నాకు తెలియదు, పోలీసులకూ తెలియదు. మా ట్రాలీలో మాత్రం పువ్వు పువ్వుకీ లెక్క తేలింది.

చివరికి ట్యాబ్‌తో నా ఫొటో, బండి నంబరు ఫొటో తీసుకుని "సరే, పో" అన్నారు. అరగంటకు పైనే అయింది. నేను అప్పుడొక మాట అడిగాను. సార్, ఎందుకు ఆపారో, ఏం వెతికారో, ఏమీ దొరకలేదని ఒక చిన్న కాగితం మీద రాసివ్వండి, హాల్‌వాళ్లకు చూపించుకుంటాను అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, "ఏం రాయాలె? నీ మీద కేసు పెట్టలే కద, సంతోషపడు" అన్నాడు.

పెళ్లివాళ్ల దగ్గర ఏమైందంటే, స్టేజీ ఆలస్యమైంది, జడలు ఇంకా ఆలస్యమయ్యాయి, బ్యాలెన్సులో కోత పడింది. అది వ్యాపారం, పోనీ. పెళ్లికూతురు మేనమామ అన్న మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది: "ఊరికే ఆపరు కదయ్యా పోలీసులు, ఏదో ఉండే ఉంటుంది."

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. అద్దం లేకుండా బైకు నడిపితే ఎక్కడో చెట్టుచాటు నుంచి ఫొటో తీసి, తేదీ, టైము, చోటుతో సహా చలానా పంపుతారు. పార్కింగ్ గీత దాటినా పంపుతారు. అంత చిన్న తప్పుకు అంత పక్కా రికార్డు ఉంది. ఒక మనిషి సరుకంతా రోడ్డు మీద పరిచి, ఫోను తెరిచి, చెల్లెలి ఫొటోలు చూసి పంపించేస్తే దానికి మాత్రం ఎక్కడా ఒక్క అక్షరం ఉండదు. జరిగిందని నిరూపించుకునే దారే లేదు. తనిఖీ చేసిన ప్రతివాడికీ ఒక చీటీ ఇవ్వాలని రూలు పెడితే, పేరు, హోదా, కారణం, దొరికినది రాసి సంతకం పెట్టాలంటే, ఇలాంటి తనిఖీలు సగం మర్నాటికే ఆగిపోతాయి. రాసిమ్మంటారా, పందెం.

ఇది నా బుర్రలో పుట్టిందేమీ కాదు. మా అక్క కొడుకు లండన్‌లో ఉంటాడు. అక్కడ 1984 నాటి చట్టం ప్రకారం పోలీసు ఒకణ్ని ఆపి వెతికితే ఎందుకు వెతికాడో రాయాలి, అడిగితే నకలు ఇవ్వాలి. అలాగని అక్కడ అన్యాయం లేదా? ఉంది. నల్లజాతి వాళ్లనే ఎక్కువ ఆపుతారని వాళ్ల సర్కారీ లెక్కలే చెబుతాయి. కానీ రాస్తున్నారు కాబట్టే కదా ఆ లెక్క బయటపడింది! మన దగ్గర ట్రాలీలను ఎన్ని ఆపారు, నల్ల అద్దాల కార్లను ఎన్ని ఆపారు అని ఎవరినడుగుతాం?

పోలీసుల వైపు మాట కూడా చెప్పాలి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి ఈ ఊరికి వస్తోంది. కొబ్బరికాయల కింద, కూరగాయల ట్రేల కింద దాచి తెస్తుంటే పట్టుకున్నారని పేపర్లలో చదువుతూనే ఉంటాం. వెతకొద్దని నేననను. సరైన అనుమానం ఉండి వెతికితే ఆ అనుమానం ఏమిటో రాయడానికి నొప్పేమిటి అంటాను.

ఫోన్ల సంగతైతే మా కుర్రాడితో మొదలైంది కాదు. 2021 అక్టోబరులో పాతబస్తీ వైపు బైకుల మీద వెళ్లే కుర్రాళ్లను ఆపి వాట్సాప్‌లో గాంజా అని టైపు చేసి వెతుకుతున్న వీడియోలు ఊరంతా చూసింది. జనం ఇష్టపడే ఇస్తున్నారని అప్పుడు అధికారులు అన్నారు. లాఠీ పట్టుకున్న మనిషి అడిగితే ఇచ్చేదాన్ని ఇష్టం అంటే ఎలా? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో 2017 ఆగస్టులో చెప్పింది. ఆ తీర్పు ఢిల్లీ నుంచి మా ఫ్లైఓవర్ దాకా ఇంకా రాలేదు. ఫొటోలదీ అదే వరస. ఎస్.క్యూ. మసూద్ అని సామాజిక కార్యకర్త ఉన్నారు. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో ఆయన్ని ఆపి మాస్కు తియ్యమన్నారు. ఆయన తియ్యకపోయినా ఫొటో తీసుకున్నారు. ఆయన ఊరుకోకుండా ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాల వ్యవహారం మీదే హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. నా ఫొటో ఇప్పుడు ఏ ట్యాబ్‌లో ఉందో, ఎవరి ఫొటోల పక్కన ఉందో!

సందర్భం వచ్చింది కాబట్టి చలానాల గురించి ఇంకో మాట. నేను చలానా వస్తే ఆ వారమే పూర్తిగా కట్టేసేవాణ్ని. 2022 మార్చిలో బైకుల పాత బకాయి చలానాలకు 75 శాతం తగ్గింపు అన్నారు. 2023 డిసెంబరులో 80 శాతం అన్నారు. ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడు పావలా వంతు కట్టి బయటపడ్డాడు, నాలాంటివాడికి దండం కూడా లేదు. రూలు పాటించేవాడికి ఈ ఊళ్లో దక్కేది ఇదే.

సరే, మీ ప్రశ్న. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలి. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను, అందులో వాదన లేదు. ఫోన్లో డిజిలాకర్‌లో ఉన్న కాగితాలు చూపినా చెల్లుతుంది, 2018లోనే రూలు మార్చారు. అడిగినవాడెవరికైనా ఫోన్ లాక్ తీసి చూపాలని మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. గంజాయి అనుమానంతో ఒంటి మీద చెయ్యి వేసి వెతకాలంటే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో వెతకమని అడిగే హక్కు ఎన్డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షను మనకిచ్చింది. ఇది ఒంటికే, బండికీ బ్యాగుకీ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ జాగ్రత్త. ఆడవాళ్లను ఆడవాళ్లే వెతకాలి. ఇక 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 105వ సెక్షను సోదా జరిగితే వీడియో తియ్యాలంటోంది. రోడ్డు మీద బస్తాలు విప్పి లాఠీతో కలియబెట్టడం సోదా కాకపోతే మరేమిటో లాయర్లు కింద కామెంట్లలో చెప్పాలి.

ఇవన్నీ అక్కడ నిలబడి చదవకండి. గొంతు పెంచకండి, పేరు ఏమిటి సార్ అని అడగండి, టైము గుర్తు పెట్టుకోండి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్లను వీడియో తియ్యమనండి. ముహూర్తం ఉన్నవాడు మాత్రం నాలాగే సార్ సార్ అంటాడు, ఏం చేస్తాం.

నేను తర్వాత చేసింది, ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫలానా రాత్రి ఫలానా చోట ఎన్ని వాహనాలు తనిఖీ చేశారు, ఎందుకు, ఏం దొరికింది అని అడిగాను. గడువు లోపలే జవాబు వచ్చింది, ఆ మాటకొస్తే మెచ్చుకోవాలి. "కోరిన సమాచారం ఈ కార్యాలయంలో నిర్వహించబడుట లేదు" అని ఒక్క వాక్యం. మొదటి అప్పీలు వేశాను. దాని జవాబు వచ్చాక ఇక్కడే కింద కలుపుతాను.