వాల్‌ట్యాక్స్ రోడ్డులో గోడ ఏది?

చిరంజీవి మనవరాలికి,

నీ ఆఫీసువాళ్ళు పదిమందిని వెంటేసుకుని చెన్నైలో పాత ఊరు జార్జ్‌టౌన్ చూపిస్తానన్నావు, ఇరవై చోట్ల పేర్లతో లిస్టు పంపావు. చదివాను. అందులో పదిహేడు కొట్టేయ్. రెండు గంటల్లో ఇరవై చోట్లు తిరిగితే కాళ్ళ నొప్పులు తప్ప ఎవరికీ ఏమీ గుర్తుండదు.

నలభై ఏళ్ళు ఆ వీధుల్లో కూరలకీ, కిరాణాకీ, పెళ్ళి బట్టలకీ తిరిగినదాన్ని. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. పేరు మిగిలి, అసలు వస్తువు పోయిన చోట ఆగు. అది ఎటుపోయిందో అడుగు.

జార్జ్‌టౌన్ దాకా ఎందుకు, ముందు నీ వెస్ట్ మాంబళంలోనే చూసుకో. లేక్ వ్యూ రోడ్డు మీద రోజూ నడుస్తావు కదా, ఎప్పుడైనా చెరువు కనబడిందా? ఆ పెద్ద చెరువు నీళ్ళు తీసేసి 1920లలో టి.నగర్ కట్టారు. టి అంటే పిట్టి త్యాగరాయ చెట్టిగారు. పానగల్ పార్కు పేరు పానగల్ రాజా రామరాయణింగారిది. ఇద్దరూ తెలుగువాళ్ళే. ప్రతిదానికీ 'మనవాళ్ళే' అంటానని మీ తాతయ్య ఎగతాళి చేసేవారు. అదీ నిజమేలే. జార్జ్‌టౌన్‌లో ఆర్మేనియన్ వీధి ఉంది, పగడాల వ్యాపారం చేసిన యూదులున్న వీధి ఉంది. మనవాళ్ళని చూపించు కానీ వాళ్ళని దాటేసి పోకు.

ఇక నేను పరువు పోగొట్టుకున్న కథ. ఒకసారి చుట్టాల పిల్లల్ని తీసుకెళ్ళి, దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవస్వామి గుడి ముందు నిలబడి, "కుంపిణీవాళ్ళు, అంటే ఈస్టిండియా కంపెనీవాళ్ళు, వచ్చిన కొత్తలో కట్టిన గుడి ఇదే" అని ఘనంగా చెప్పాను. పక్కన పూలు కడుతున్నావిడ, చేతిలో దారం ఆపకుండానే, "ఇది కాదమ్మా, ఆ గుడి హైకోర్టు ఉన్నచోట ఉండేది" అంది. అదీ తెలుగులో! పిల్లలు నా మొహం చూశారు.

ఆవిడ చెప్పిందే నిజం. దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639 ఆగస్టు 22న ఇంగ్లీషువాళ్ళకి ఈ నేల రాసిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. వాళ్ళు కట్టుకున్న సెయింట్ జార్జ్ కోటకి ఉత్తరాన ఊరు పెరిగింది, గుడి వెలిసింది. తర్వాత ఫ్రెంచివాళ్ళ భయం పట్టుకుంది. శత్రువు దాక్కోవడానికి చాటు ఉండకూడదని ఆ పాత ఊరిని పడగొట్టి మైదానం చేశారు. గుడి కూడా 1757లో పోయింది. తర్వాత మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనుకుని ఇప్పుడున్నచోట కట్టించారు, పక్కనే చెన్నమల్లేశ్వరుడికీ ఒకటి. ఖాళీ చేసిన నేలకి హద్దుగా 1773లో ఆరు స్తంభాలు పాతారు. వాటిలో మిగిలిన ఒక్కటీ ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ అనే భవనం దగ్గర ఉంది. రోజూ వేలమంది దాని పక్కనుంచి బస్సు కోసం పరిగెడతారు. నీ నడక అక్కడ మొదలుపెట్టి, ఎదురుగా హైకోర్టు ఎర్ర గుమ్మటాలు చూపించి, అక్కడినుంచి గుడికి తీసుకెళ్ళు. కథ దానంతటదే కలుస్తుంది. పూలావిడ కనబడితే మూర మల్లెపూలు కొను.

పాత కూరగాయల మార్కెట్టు కొత్వాల్ చావడి మాత్రం తప్పక చూపించు. ఆ స్థలం కన్యకా పరమేశ్వరి దేవస్థానం వారిది. తెల్లారుజామున నేను సంచీ పట్టుకుని వెళ్తే, కాళ్ళకింద క్యాబేజీ ఆకులు జారేవి, తలమీద బుట్టతో వచ్చేవాడు అరిస్తే గోడకి అతుక్కుని నిలబడేవాళ్ళం. 1996లో కూరగాయల వ్యాపారమంతా కోయంబేడుకి పోయింది. పేరు పోలేదు.

ఆదివారం ఆరున్నరకల్లా మొదలుపెట్టండి. మామూలు రోజుల్లో అయితే మూటల బళ్ళ మధ్య నిలబడడానికే చోటుండదు, మీరు వాళ్ళ పనికి అడ్డం కూడా. షట్టర్లు దించి ఉంటే కళ్ళు వాటంతటవే పైకి పోతాయి. పై అంతస్తుల్లో చెక్క కిటికీలు, సున్నంతో చేసిన పూలు, ఒక్కోచోట ఇల్లు కట్టిన సంవత్సరం కూడా కనిపిస్తాయి. గుమ్మాల మీద నంబర్లు రెండేసి ఉంటాయి, పాతదీ కొత్తదీ. అడ్రసు అడిగేటప్పుడు రెండూ చెప్పు. వీధి పేర్లకీ ఇదే తంటా. 1970ల చివర్లో బోర్డుల మీంచి కులాల పేర్లు తీసేశారు. అందుకే లింగి చెట్టి వీధి బోర్డు మీద ఒకలా, షాపు బిల్లు మీద ఒకలా ఉంటుంది. తీయడం మంచిదే అంటాను నేను. నీ స్నేహితులు ఒప్పుకోకపోతే కాఫీ దగ్గర వాదించుకోండి, ఇరుకు వీధి మధ్యలో కాదు.

అరుగు మీద పెద్దాయన కూర్చునుంటే ఫోన్ పైకెత్తకు, ముందు నమస్కారం పెట్టు. ఆయన చెప్పింది విను, కానీ ఇంటికొచ్చి ఇంకో చోట సరిచూసుకున్నాకే పదిమందికి చెప్పు. నా సంగతి చూశావుగా.

చివరికి వాల్‌ట్యాక్స్ రోడ్డు. కుంపిణీవాళ్ళు ఊరి చుట్టూ గోడ కట్టి, ఖర్చు జనం దగ్గర పన్నుగా వసూలు చేద్దామనుకున్నారు. పన్ను వసూలు కానే లేదు, గోడ దాదాపు అంతా పోయింది. ఎవరూ కట్టని పన్ను పేరు మాత్రం రోడ్డుకి మిగిలింది! గోడ ముక్క ఒకటి ఓల్డ్ జైల్ రోడ్డులో ఉంది, దాని పైన పార్కు. మాడి పూంగా అంటారు, తమిళంలో మేడ మీది పార్కు అని.

నన్నూ రమ్మన్నావు. మెట్లు ఎక్కలేను తల్లీ. మీరు ఎక్కి చూసి రండి, నేను కింద ఆటోలో కూర్చుంటాను. ఫ్లాస్కులో కాఫీ నేనే తెస్తాను, కప్పులు మాత్రం నువ్వు తీసుకురా.

ఆశీస్సులతో,
అమ్మమ్మ